చంద్రకాంత మొలిచిన కుండీలు

"బస్తా ఏదీ?"

నాగుల్ మీరా ఆ మాట అడగడం నాలుగోసారి. మొదటిసారి మామూలుగా అడిగాడు. రెండోసారి గొంతు పెంచాడు, మూడోసారి అరిచాడు. ఈసారి మాత్రం పక్కవాళ్ళకి కూడా వినపడనంత నెమ్మదిగా అడిగాడు. పదహారేళ్ళ కాపురంలో షహనాజ్ అతని అరుపులకి అలవాటు పడిపోయింది గానీ ఈ గొంతు ఆమెకి కొత్త.

"ఏ బస్తా అండీ? సంతకి టైమైపోతోంది, రామతులసి గారు ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశారు."

"గోడౌన్లో మెట్ల కింద, ఫ్యాన్ల అట్టపెట్టెల వెనక పెట్టాను. గోనెబస్తా. మూతి కట్టేసి ఉంటుంది."

"ఆ మట్టి బస్తానా! అది డిసెంబరులోనే క్లబ్బుకి తీసుకెళ్ళాగా."

ఫ్యాన్ల హోల్‌సేల్ కొట్టు కింద, ఇల్లు పైన. గవర్నర్‌పేటలో మిట్టమధ్యాహ్నం ఆటోల హారన్లు ఆగే ప్రసక్తే లేదు. ఆ గోలలో కూడా మొగుడి మౌనం ఆమెకి వినిపించింది.

"మట్టి కలిపే రోజుకి ఉయ్యూరు చేలోంచి ఒక బస్తా తెప్పించమని మిమ్మల్నే కదా అడిగాను. గోడౌన్లో కనపడితే తెప్పించి పెట్టారనుకున్నా. ఏం, వేరేవాళ్ళదా? చెప్పండి, రెండు బస్తాలు పోయించి ఇచ్చేద్దాం."

"కలిపేశారా?"

"కలపకుండా ఉంచుతారా?"

పచ్చతీగ గార్డెన్ క్లబ్బులో అదో ఆనవాయితీ. ఉగాది వెళ్ళాక వచ్చే శని ఆదివారాల్లో వసంతం మొక్కల సంత పెడతారు. దానికి కుండీలు నింపేది మాత్రం డిసెంబరులో. ఆ రోజు ప్రతి సభ్యుడూ తన ఇంటి నుంచో సొంతూరి నుంచో ఒక బస్తా మట్టి తెచ్చి పోయాలి. కంకిపాడు నల్లమట్టి, మైలవరం ఎర్రమట్టి, లంకల్లోని ఒండ్రు, అన్నీ ఒకే కుప్ప. ఎవరిది ఏదో ఆనవాలు దొరక్కుండా పారలతో మూడుసార్లు తిరగేస్తారు. ఆ మట్టితోనే రెండు వందల కుండీలు నింపుతారు. ఇది అధ్యక్షురాలు రామతులసి గారి ఆలోచన. ఆవిడ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆవిడకి ఒక ఆలోచన వచ్చిందంటే అది సంప్రదాయం అయి కూర్చుంటుంది.

నాగుల్ మీరా మెల్లగా మెట్టు మీద కూలబడ్డాడు. బస్తాడు మట్టి కోసం ఇంత మనిషి ఇలా అయిపోవడం చూసి షహనాజ్‌కి ముందు చిరాకేసింది, ఆ వెంటనే భయమేసింది.

"ఏమైందండీ?"

అతను జవాబు చెప్పేలోపు లోపలి గదిలోంచి పెద్దావిడ పిలిచింది.

"అమ్మాయ్, డాబా మీదికి ఎవరో వెళ్ళారు. చూడు."

"ఎవరూ వెళ్ళలేదత్తయ్యా. మెట్ల మీద మేమే ఉన్నాం."

"ఆడపిల్లే. చెప్పుల్లేకుండా నడుస్తోంది. నిన్న కూడా వచ్చింది."

అక్తరున్నీసాకి డెబ్భై నాలుగేళ్ళు, చూపు దాదాపుగా పోయింది. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, అక్కడ విడిగా ఉంటున్న ఆవిడ కూతురు అఫ్సా కనపడకుండా పోయింది. ఏడాదిన్నర దాటింది, ఏ కబురూ లేదు. వెతుకుతూనే ఉన్నామని నాగుల్ మీరా చెబుతూ ఉంటాడు. ఆవిడ రోజూ సాయంత్రం మెట్ల తలుపుకి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంటుంది.

షహనాజ్ డాబా ఎక్కింది. ఎండకి గచ్చు పెనంలా కాలుతోంది, చెప్పుల్లేకుండా అక్కడ ఎవరైనా రెండడుగులు వేయగలరా? మనిషి జాడ లేదు. గోడ వారన, క్లబ్బులో మిగిలితే తెచ్చిపెట్టుకున్న ఆరు గులాబీ కుండీలు మాత్రం ఉన్నాయి. నిన్న పొద్దున తన చేత్తోనే వాటిల్లో కలుపు పీకింది. ఇవాళ ఆరింటిలోనూ, పీకిన చోటే, వేలెడెత్తు చంద్రకాంత చిగుళ్ళు లేచి ఉన్నాయి. గాలి లేదు. అయినా ఒక కుండీలో ఆకులు ఇప్పుడే ఎవరో చేయి తీసినట్టు కదిలి ఆగాయి.

ఆమె గబగబా దిగి వచ్చేసరికి నాగుల్ మీరా మెట్ల మీద లేడు.

*

పాత లైబ్రరీ ఆవరణలో షామియానాలు వేసి మూడింటికే గేట్లు తెరిచారు. ఒక పక్క పిల్లలకి విత్తనాల బంతులు చేసే పోటీ, ఇంకో పక్క వంటింటి చెత్తతో ఎరువు తయారు చేసే ప్రదర్శన. మధ్యలో మైకు పట్టుకుని రామతులసి గారు, మూలనున్న సమోసా బండి వాడితో సహా అందరికీ పాఠం చెబుతున్నారు.

"వచ్చారా షహనాజ్ గారూ! మందారాలు అయిపోయాయి, అంటు మామిళ్ళు పది కూడా లేవు. ఇంత ఆలస్యమైతే ఎలాగండీ?"

షహనాజ్ ఏదో సర్దిచెప్పి బల్ల వెనక నిలబడింది. సగానికి పైగా కుండీలు వెళ్ళిపోయాయి. మిగిలినవాటిల్లో గులాబీ పక్కనా, క్రోటన్ పక్కనా, నాటినదేదైతేనేం, దాని పక్కన ఎవరూ నాటని చంద్రకాంత మొక్క ఒకటి లేచి ఉంది. కొన్ని మోకాలెత్తు పెరిగి మొగ్గ తొడిగాయి.

క్లబ్బు తోటమాలి లాజరు నీళ్ళ తొట్టి పక్కనుంచి చెయ్యి ఊపాడు. అరవై దాటిన మనిషి, అనవసరంగా ఒక మాట మాట్లాడడు.

"అమ్మగారూ, ఒక్కసారి ఇట్టా రండి. మీతోనే చెప్పాలి."

"చంద్రకాంతల సంగతేగా? పీకేయమన్నాను కదా లాజరూ."

"మూడుసార్లు పీకానమ్మా. దుంప ఊరింది, మళ్ళీ వస్తన్నాయి. అది కాదు నేను చెప్పేది." అతను అటూ ఇటూ చూశాడు. "డిసెంబరులో మీ బస్తా మూతి ఇప్పింది నేనే. మీరు చేలో మట్టన్నారు. అందులో అగరొత్తి పుల్లలొచ్చినయి. ఎండిపోయిన గులాబి రేకులొచ్చినయి."

"ఎవరో పూజ చేసుకుని పారేసి ఉంటారు."

"చేలో మట్టి ఒక తీరున ఉంటది. పైమట్టీ అడుగుమట్టీ దేనికది. మీ బస్తాలో రెండూ తిరగబడి ఉన్నయి. మా అయ్య సమాధులు తవ్వేవాడమ్మా, చిన్నప్పుడు తట్టలు మోశాను. ఆ మట్టి చేతికి తెలిసిపోద్ది."

షహనాజ్ ఒక అడుగు వెనక్కి వేసింది. తొట్టి అంచు పట్టుకుంది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఎట్టా చెప్పేది? మీరు నవ్వుకుంటా తెచ్చి పోశారు. అంతా కలిపేశాక చెప్పి ఏం లాభం?"

అప్పటికి నాలుగున్నర. లైబ్రరీ గోడ నీడ బల్లల మీదికి జరిగింది. షహనాజ్ చూస్తూండగానే ఒక కుండీలో మొగ్గ విప్పుకుంది. దాని పక్క కుండీలో ఇంకొకటి. ఆ తర్వాత వరసనంతా పట్టుకుని, కనపడని మనిషి ఎవరో బల్ల వెంట నడుస్తూ ఒక్కొక్కదాన్నీ తట్టి లేపుతున్నట్టు, ముప్ఫై నలభై పూలు తెల్లగా విచ్చుకున్నాయి. సన్నటి వాసన షామియానా కింద నిండింది. మైకులో రామతులసి గారి గొంతు మాట మధ్యలో ఆగిపోయింది. విత్తనాల బంతులు చేస్తున్న పిల్లలు కూడా బురద చేతులతో అలాగే ఉండిపోయారు. ఎందుకు మాటలు ఆగిపోయాయో అక్కడున్నవాళ్ళలో ఒక్కరినడిగినా చెప్పలేరు.

ఎవరో ఒకావిడ ముందుగా తేరుకుంది. "ఏవండీ, గులాబీ కొంటే ఇది ఫ్రీయా?"

అందరూ నవ్వారు. బేరాలు మళ్ళీ మొదలయ్యాయి. షహనాజ్‌కి మాత్రం నవ్వు రాలేదు.

ఆ నవ్వుల మధ్యలోకి నాగుల్ మీరా వచ్చాడు. ఈ సంతకి అతను ఏనాడూ వచ్చినవాడు కాదు. కాళ్ళకి చెప్పులు లేవు, చొక్కా చెమటతో తడిసి ఒంటికంటుకుంది. ఎవరినీ పలకరించకుండా బల్ల మీది కుండీలు ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టడం మొదలుపెట్టాడు. ఫ్రీ అడిగినావిడ చేతిలోంచి కూడా లాక్కున్నాడు.

"మీరా గారూ! ఏంటండీ ఇది?" రామతులసి గారు మైకు వదిలేసి పరుగెత్తుకొచ్చారు.

"ఇవి అమ్మేవి కాదండీ."

"అదేంటి? క్లబ్బు మొక్కలు క్లబ్బు సంతలో అమ్మక..."

"అమ్మేవి కాదన్నానా!"

షహనాజ్ అతని చెయ్యి పట్టుకుని నీళ్ళ తొట్టి వెనక్కి లాక్కుపోయింది. లాజరు వాళ్ళకి అడ్డంగా వచ్చి, అటు తిరిగి నిలబడ్డాడు.

"ఎవరిదండీ ఆ మట్టి?"

"అఫ్సాది."

ఆమె పట్టుకున్న అతని చెయ్యి వదిలేసింది.

"నీళ్ళొచ్చిన మూడో రోజు ఆస్పత్రికి పిలిచారు. మొహం చూసి గుర్తుపట్టే స్థితిలో లేదు షహనాజ్. ఆకుపచ్చ డ్రెస్సు. చున్నీ కొంగున ముడి ఉంది. విప్పి చూస్తే మిరియాల్లాంటి నల్ల గింజలు. దానికి చిన్నప్పట్నుంచీ అదే అలవాటు కదా, ఎక్కడ పువ్వు కనపడితే అక్కడ గింజలు ఏరి కొంగున ముడేసుకోవడం. నేనే సంతకం పెట్టాను. నలుగురం కలిసి గోరీల దొడ్డిలో మట్టి చేశాం. ఆ గింజలు దాని మీదే చల్లాను."

"మరి ఇంట్లో..."

"చెబుదామనే వచ్చాను. అమ్మ గుమ్మంలో నిలబడి దొరికిందా అని అడిగింది. నా నోట్లోంచి వెతుకుతున్నాం అని వచ్చింది. ఒకసారి ఆ మాట వచ్చాక ఇంకోటి చెప్పడం నా వల్ల కాలేదు."

షహనాజ్‌కి అతని మీద జాలి కలిగింది. అంతకు రెట్టింపు కోపం కూడా వచ్చింది. ఏడాదిన్నర పాటు తన పక్కనే పడుకుని, పోలీస్ స్టేషన్‌కి వెళ్ళొస్తున్నానని తనకీ అబద్ధం చెప్పి, ఇంత మాట కడుపులో పెట్టుకున్నాడు.

"దాని మొగుడితో పడక విడిగా ఉంటానంటే నేనే కదా గడప తొక్కొద్దన్నాను. నీళ్ళొచ్చిన పొద్దున రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఇంకా పంతం." అతను ముఖం తుడుచుకున్నాడు. "ప్రతి జుమ్మాకి నమాజయ్యాక వెళ్ళేవాణ్ణి. గోరీ అంతా చంద్రకాంత అల్లుకుంది. సాయంత్రం పూసేది కదా, ఆ మధ్యాహ్నపు ఎండలో ఒక్క పువ్వు విచ్చుకుంటే ఒట్టు. నవంబరులో, వరదకి కుంగిన గోరీలు చదును చేస్తున్నామన్నారు. అందుకని పైమట్టి ఒక బస్తా తెచ్చిపెట్టాను."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? మనింట్లో ఆడవాళ్ళు గోరీ దాకా రారు. పళ్ళెంలో మట్టి తెచ్చి ముందుపెడితే మూడు గుప్పిళ్ళు తీసి ఇస్తారు, మనం తీసుకెళ్ళి వేస్తాం. అమ్మ చేతి మట్టి పడలేదు దానికి. ఎప్పటికైనా ధైర్యం చేసి చెబితే, అప్పుడు అమ్మ ముందు పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఇవాళ చెబుదామని గోడౌన్లోకి వెళ్ళాను." అతను తలెత్తి ఆమె వైపు చూశాడు. "నువ్వు దాన్ని వంద ఇళ్ళకి పంచిపెట్టావు."

ఆ మాట ఆమెకి ఎక్కడో లోపల గుచ్చుకుంది. పటమట వెళ్ళినవెన్నో, గుణదల వెళ్ళినవెన్నో. ఒక ముసలాయన రెండు కుండీలు సంచిలో పెట్టుకుని కొండపల్లి రైలుకని వెళ్ళాడు. ఈపాటికి ఆ ఇళ్ళన్నిటిలోనూ కిటికీల పక్కన ఈ పూలు విచ్చుకుంటూ ఉంటాయి.

"పదండి," అంది. "ఒక కుండీ తీసుకోండి. ఇవాళే చెబుదాం."

*

ఆటోలో ఇద్దరూ మాట్లాడుకోలేదు. కుండీ అతని ఒళ్ళో ఉంది. దారి పొడుగునా ఆ పూల వాసన వాళ్ళతోనే వచ్చింది.

అక్తరున్నీసా కుర్చీలో కూర్చుని ఉంది. కొడుకు ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, కుండీ ముందు పెట్టి, మొత్తం చెప్పాడు. ఆస్పత్రి, డ్రెస్సు, గింజల ముడి, గోరీ, ఎత్తని ఫోను, ఏదీ దాచలేదు. చెబుతూ చెబుతూ చిన్నపిల్లాడిలా వెక్కిళ్ళు పెట్టాడు. షహనాజ్ గోడకి ఆనుకుని పెద్దావిడ మొహం వైపే చూస్తోంది. పడిపోతుందేమో, గుండె ఆగిపోతుందేమో అని ఆమె భయం.

ఆవిడ పడిపోలేదు. ఏడవను కూడా లేదు. చెయ్యి చాపి కుండీ అంచు తడిమింది.

"ఇది దాని గోరీ మీద మొక్కా?"

"అవునమ్మా."

"పూసిందా?"

"పూసిందమ్మా. నాలుగు పూలున్నాయి."

ఆవిడ వంగింది. ముక్కు ఆకులకి తగిలేదాకా వంగి, తల అటూ ఇటూ తిప్పి వెతికింది.

"ఏవీ?" అంది ఆవిడ.

"మీ కళ్ళ ముందే ఉన్నాయత్తయ్యా."

"నాకేం కనపడ్డం లేదే." ఆవిడ నిటారుగా కూర్చుంది. "ఒరేయ్ మీరా, వరదకి ముందు ప్రతి గురువారం కళ్ళాస్పత్రికని నేను ఆటోలో వెళ్ళింది ఎక్కడికనుకున్నావు?"

నాగుల్ మీరా వెక్కిళ్ళు ఆగిపోయాయి.

"నువ్వు గడప తొక్కొద్దన్నావు. నేను తొక్కాను. చెల్లెలివి కాదు పొమ్మనడం నీకు చేతనైంది, కూతురివి కాదనడం నాకు చేతకాలేదు. దాని ఇంటి ముందు గోడంతా చంద్రకాంతలే. ఈ కళ్ళకి మిగతా రంగులన్నీ పోయాయి, ముదురు పసుపొక్కటే ఇంకా మసగ్గా ఆనుతుంది. అందుకని అది నా కోసం పసుపువే ఉంచేది. తెల్లదో ఎర్రదో పూసిందంటే ఆ సాయంత్రమే పీకి అవతల పారేసేది. గింజ కూడా కట్టనిచ్చేది కాదు." ఆవిడ షహనాజ్ వైపు తిరిగింది. "ఇవేం రంగు అమ్మాయ్?"

షహనాజ్ కుండీ మీదికి వంగి చూసింది. "తెలుపత్తయ్యా. మొత్తం తెలుపే. సంతలో పూసినవన్నీ తెలుపే."

కింద రోడ్డు మీద బస్సు ఒకటి హారన్ కొడుతూ పోయింది.

"ఆకుపచ్చ డ్రెస్సమ్మా," నాగుల్ మీరా పీలగా అన్నాడు. "కొంగున ముడి..."

"ఆకుపచ్చ డ్రెస్సు ఈ ఊళ్ళో అఫ్సాకొక్కదానికే ఉందా? దాని దగ్గర పదిమంది పిల్లలు కుట్టు నేర్చుకునేవాళ్ళు. అందరికీ ఆ గింజల పిచ్చి అంటించింది. నేను వెళ్ళినప్పుడల్లా ఒక్కొక్కత్తీ ముడి విప్పి నా అరచేతిలో పోసేది, చూడు అమ్మమ్మా అని."

ఆవిడ కుండీలోకి చెయ్యి దింపింది. ఒక గుప్పెడు మట్టి తీసి, ఏదో పెదవుల్లో చదువుకుని, తిరిగి మొక్క మొదట్లో పోసింది. రెండో గుప్పెడు పోసింది. మూడోది పోసేటప్పుడు చెయ్యి కాసేపు గాలిలోనే ఆగింది.

"ఏ తల్లి బిడ్డో," అంది. "ఆ తల్లి ఇంకా గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది."

వేళ్ళకంటిన మట్టి దులుపుకుని, చెయ్యి కొంగుకి తుడుచుకుంది. అప్పుడు కొడుకు వైపు తిరిగింది. కనపడని ఆ కళ్ళు సూటిగా అతని మొహం మీదే నిలిచాయి.

"అంటే ఈ ఏడాదిన్నరా నా బిడ్డని ఎవరూ వెతకలేదన్నమాట."